లావా దేశానికి టూరు కట్టేముందు: కొన్ని విశేషాలు

ఐస్‌లాండ్‌లో రైలు లేదు. లైను లేదు, స్టేషను లేదు, టీటీ లేడు. బిలాస్‌పూర్ గోల్ బజార్‌లో ఎవరికైనా ఈ మాట చెప్పి చూడండి, ముందు నవ్వుతారు, తర్వాత “మరి జనం ఎలా తిరుగుతారు?” అంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో తరాలుగా ఉండిపోయిన మన తెలుగు కుటుంబాలకైతే ఇది మరీ నమ్మబుద్ధి కాదు. పాసు మీద దేశమంతా చుట్టి, రిటైరయ్యాక పిల్లల పుణ్యమా అని విదేశీ గ్రూప్ టూర్లకు పేరిస్తున్న తరం ఇది. సింగపూర్, స్విట్జర్లాండ్ అయిపోయాయి. ఇప్పుడు కబుర్లలో ఐస్‌లాండ్ పేరు వినిపిస్తోంది. అందుకే ఈ విశేషాలు.

రైలు లేదన్నానే గాని, రెండు ఇంజన్లు మాత్రం ఉన్నాయి. 1913లో రాజధాని రెక్యావిక్‌కు ఓడరేవు కట్టడం మొదలుపెట్టినప్పుడు, ఊరి పక్క ఓస్క్యూహ్లిద్ గుట్ట నుంచి రాళ్లు మోయడానికి జర్మనీలో తయారైన రెండు బుల్లి ఆవిరి ఇంజన్లు తెచ్చారు. పేర్లు మినోర్, పియోనేర్. రేవు పని అయ్యాక కొన్నేళ్లకు మూలనపడ్డాయి. ఇప్పుడు మినోర్ రేవు ఒడ్డున, పియోనేర్ ఆర్బేర్ మ్యూజియంలో ఉన్నాయి. టూరు బస్సులు రేవు దగ్గర తిమింగలాల పడవ ఎక్కించడానికే ఆగుతాయి, మినోర్‌ను ఎవరూ చూపించరు. లోకో షెడ్డు మనుషులు పనిగట్టుకుని అడగాలి. రాళ్లు తవ్విన ఆ గుట్ట మీదే ఇప్పుడు ఊరికి వేడినీళ్లు పంపే పెద్ద ట్యాంకులున్నాయి. వాటి నెత్తిన గాజు గోపురం కట్టి పెర్లాన్ అని పేరు పెట్టారు. అక్కడికి మాత్రం అన్ని గ్రూపులూ వెళతాయి.

జనం లెక్క

దేశం వైశాల్యం లక్షా మూడు వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. 2011 ఆరంభంలో అక్కడి జనాభా 3 లక్షల 18 వేలు. అదే ఏడు మన జనాభా లెక్కల్లో ఒక్క బిలాస్‌పూర్ నగరపాలక పరిధిలోనే 3 లక్షల 30 వేల పైచిలుకు. దేశం మొత్తాన్నీ తెచ్చి ఇక్కడ దింపినా అర్పా నదికి అటూ ఇటూ సరిపోతారు. అందులోనూ మూడింట రెండొంతుల మంది దాకా రెక్యావిక్‌లోనో దాని చుట్టుపక్కలో ఉంటారు. మిగతా నేలంతా గొర్రెలకూ గాలికీ.

ఆ నల్లరాయి మనకూ చుట్టమే

టూరు కరపత్రాల్లో ఎక్కడా ఉండని సంగతి ఇది. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే.

అట్లాంటిక్ సముద్రం నడిమధ్య ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక ఒకదానికొకటి దూరం జరుగుతున్నాయి, ఏడాదికి రమారమి రెండు సెంటీమీటర్లు. ఆ సందులోంచి లావా పైకి వస్తూ గడ్డకడుతూ ఏర్పడిన దీవి ఐస్‌లాండ్. దీని కింద భూగర్భం నుంచి వేడి మామూలు కంటే ఎక్కువగా ఎగదన్నుతుండటంతో సముద్రం అడుగున ఉండిపోవాల్సిన రాయి నీళ్లపైకి తేలింది. గడ్డకట్టిన ఆ లావాయే బసాల్ట్, నల్లరాయి. అక్కడ దొరికే అతి పాత రాయికీ వయసు కోటీ అరవై లక్షల ఏళ్లకు అటూ ఇటూ.

ఇప్పుడు మన వైపు చూద్దాం. బిలాస్‌పూర్ నేల కింద ఉన్నది సున్నపురాయి, అందుకే చుట్టుపక్కల ఇన్ని సిమెంటు ఫ్యాక్టరీలు. కాని కట్నీ లైనులో పెండ్రా రోడ్డు దిగి అమర్‌కంటక్ ఎక్కితే కాళ్ల కింద బసాల్ట్ వస్తుంది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాడు పడమటి కనుమల వైపు నేల నెర్రెలిచ్చి పొంగిన లావాకు మైకల్ కొండలు తూర్పు అంచు. దక్కన్ ట్రాప్స్ అంటారు. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. నర్మదాదేవి పుట్టింది ఆ రాతి మీదే.

గోదావరి జిల్లాల వాళ్లకు చుట్టరికం ఇంకా దగ్గరిది. కొవ్వూరు పక్క పంగిడి క్వారీల్లో, రాజమండ్రి దగ్గర కాతేరులో కనిపించే నల్లరాయీ ఆ లావాయే. పడమటి కనుమల ప్రాంతం నుంచి అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి సముద్రం దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు తేల్చారు. భూమ్మీద ఇంత దూరం పారిన లావా మరొకటి తెలియదు. సముద్రం ఎదురైనా ఆగలేదు. కోనసీమలో చమురు బావులు తవ్వితే లోతున అదే రాయి తగిలింది. ఆ పొరకు రాజోలు పేరే పెట్టారు. పంగిడి కంకరతో శ్లాబు పోయించుకున్న ఇంట్లో కూర్చుని లావా చూడటానికి ఐస్‌లాండ్ పోవాలనుకోవడం తప్పేమీ కాదు. చల్లారిపోయిన ముసలి రాయి మన దగ్గరుంటే, ఇంకా ఉడుకుతున్న పిల్లరాయి వాళ్ల దగ్గరుంది.

బంగారు చుట్టు

గ్రూప్ టూరు ఏదైనా మొదటి రోజు గోల్డెన్ సర్కిల్. మూడు చోట్లు ఆపుతారు.

థింగ్‌వెట్లిర్‌లో 930లో ఆరుబయట రాళ్ల మధ్య పార్లమెంటు పెట్టుకున్నారు. పలకలు విడిపోతున్న పగులు కళ్లకు కనిపించేది కూడా ఇక్కడే. రెండు నల్లటి రాతిగోడల మధ్య బాట మీద నడిపిస్తారు. ఇటు అమెరికా, అటు యూరప్ అని గైడు చెప్పగానే ఫోటోల సంబరం. నిజానికి రెండు పలకల మధ్య కొన్ని కిలోమీటర్ల వెడల్పున నేల చీలికలు చీలికలుగా కుంగి ఉంటుంది. చేతులు చాచి రెండు ఖండాలూ ముట్టుకున్నామనడం ఫోటో కోసమే.

గేసిర్ దగ్గర స్ట్రోకుర్ అనే వేడినీటి బుగ్గ ఆరు నుంచి పది నిమిషాలకోసారి ఎగజిమ్ముతుంది, పదిహేను ఇరవై మీటర్లు, ఒక్కోసారి నలభై. చిమ్మే ముందు నీళ్లు నీలం బుడగలా ఉబ్బుతాయి. ఫోను మీటాల్సింది ఆ క్షణంలోనే. చిమ్మాక మీటితే ఆవిరే దక్కుతుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడాలి. తడిస్తే ఉతికేదాకా గంధకం వాసన వదలదు.

మూడోది గుట్ల్‌ఫోస్ జలపాతం, రెండు మెట్లుగా 32 మీటర్లు దూకుతుంది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో దీన్ని కరెంటు కంపెనీలకు ఇవ్వబోతే, పక్క పొలం రైతు కూతురు సిగ్రిదూర్ తోమాస్‌దోత్తిర్ అడ్డం తిరిగింది. కాలినడకన రాజధాని దాకా పోయి పోరాడింది. జలపాతం పక్కన ఆమె శిల్పం ఉంది.

గైడు మాట

బస్సు దిగేటప్పుడు గైడు అందరికీ ఒకటే చెబుతాడు: తలుపు గట్టిగా పట్టుకోండి. అద్దె కార్ల తలుపులు గాలికి వెనక్కి విరిగిపోవడం అక్కడ మామూలు. ఆ నష్టం చాలా ఇన్సూరెన్సుల్లోకి రాదు కూడా.

రెండోది నాచు మీద కాలు పెట్టొద్దని. లావా మైదానాల మీద జానెడు మందాన బూడిదరంగు ఆకుపచ్చ నాచు పరుచుకుని ఉంటుంది. వంగి చూస్తే ఒక్కో పోచా వేలిగోరంత, పైన పొడిగా, అడుగున తడిగా. ఒకసారి తొక్కితే పడిన గుంట పూడడానికి పదుల ఏళ్లు పడుతుంది. మన వాళ్లకు గడ్డి కనిపిస్తే దుప్పటి పరిచి పులిహోర పొట్లాలు విప్పడం అలవాటు. ఇక్కడ ఆ సరదా పార్కింగులో బెంచీల మీదే తీర్చుకోవాలి. రోడ్డు దిగి బండి నడపడం చట్టరీత్యా నేరం.

మూడోది సముద్రానికి వీపు చూపొద్దని. దక్షిణ తీరాన రేనిస్‌ఫ్యారా అనే నల్లని గులకరాళ్ల తీరం ఉంది. పక్కనే గుడి స్తంభాలు నిలబెట్టినట్టు ఆరుపలకల బసాల్ట్ స్తంభాలు. లావా నిదానంగా చల్లారి కుంచించుకుపోయేటప్పుడు అలా పగులుతుంది. ముంబై అంధేరీలోని గిల్బర్ట్ హిల్ కూడా ఈ రకమే. రేనిస్‌ఫ్యారాలో చాలాసేపు చిన్న అలలే వచ్చి, హఠాత్తుగా ఒక్క అల ముప్పై నలభై మీటర్లు లోపలికి దూసుకొస్తుంది. పర్యాటకులు కొట్టుకుపోయి చనిపోయారు. ఇప్పుడు ప్రమాదాన్ని బట్టి వెలిగే హెచ్చరిక దీపాలు పెట్టారు. ఆర్కే బీచ్‌లో మోకాళ్ల దాకా దిగిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఆ దారిలోనే ‘దిల్‌వాలే’ పాట తీసిన విమానం ఉంటుంది. 1973లో అమెరికా నౌకాదళం విమానం సోల్‌హేమాసాందుర్ ఇసుకలో దిగబడింది, అందులో ఉన్నవాళ్లంతా బతికారు. ఇప్పటికీ దాని తొడుగు అక్కడే ఉంది. పార్కింగు నుంచి నాలుగు కిలోమీటర్లు నడవాలి, అంతే దూరం వెనక్కి. పాటలో షారుఖ్, కాజోల్ తెరిపిగానే కనిపిస్తారు గాని, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగార్లు బస్సులో కూర్చుంటేనే మంచిది.

వంగిన గర్డర్లు

దీవి చుట్టూ ఒకటో నంబరు రోడ్డు ఉంది, పొడవు 1,322 కిలోమీటర్లు. అది 1974లో గాని పూర్తికాలేదు. ఆగ్నేయాన వత్నయోకుల్ హిమానీనదం కరుగునీరు పాయలు పాయలుగా పారే ఇసుక మైదానం మీద వంతెనలు వేయడానికి అంతకాలం పట్టింది. 1996లో ఆ మంచు కిందే అగ్నిపర్వతం పేలింది. కరిగిన నీళ్లు వారాల తరబడి మంచు కింద నిండి, నవంబరులో ఒక్కసారిగా ఇళ్లంత మంచుగడ్డలను మోసుకుంటూ బయటపడ్డాయి. వంతెన కొట్టుకుపోయింది. మెలితిరిగిన ఉక్కు గర్డర్లలో రెంటిని స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కన గుర్తుగా ఉంచారు. బ్రిడ్జి సెక్షన్లో పనిచేసిన వాళ్లెవరైనా గ్రూపులో ఉంటే జలపాతాల కంటే ఇక్కడే ఎక్కువసేపు ఆగుతారు.

లాకీ పొగ మన దాకా వచ్చిందా?

1783 జూన్ 8న దక్షిణాన లాకీ అనే చోట 27 కిలోమీటర్ల పొడవునా నేల చీలింది. ఎనిమిది నెలలు ఆగకుండా లావా. లావా కంటే పొగే ఎక్కువ చంపింది. గంధకం, ఫ్లోరిన్ కలిసిన గాలికి గడ్డి విషమైంది, గొర్రెల్లో ఐదింట నాలుగు పోయాయి, తర్వాతి కరువులో దేశ జనాభాలో ఐదో వంతు దాకా చనిపోయారు. జులై 20 ఆదివారం నాడు లావా ఊరి మీదికి వస్తుంటే యోన్ స్టేన్‌గ్రీమ్‌సన్ అనే పాస్టరు గుడిలో ప్రార్థన చేయించాడని, లావా అక్కడే ఆగిందని చెబుతారు. ఆయనకు అగ్ని పాస్టరు అని పేరొచ్చింది. ఏళ్ల తర్వాత కూర్చుని చూసిందంతా రోజువారీగా రాసిపెట్టాడు. శాస్త్రవేత్తలకు ఇవాళ్టికీ అదే ఆధారం.

ఆ పొగ ఉత్తరార్ధగోళాన్ని కప్పి ఎండను తగ్గించడంతో భూమి వేడెక్కక, ఆఫ్రికా, భారత ఋతుపవనాలు బలహీనపడి ఉంటాయని కంప్యూటరు నమూనాలు చెబుతున్నాయి. నైలు నది నీరు ఆ ఏడు బాగా తగ్గినట్టు రికార్డులున్నాయి. సరిగ్గా ఆ 1783–84లోనే ఉత్తర భారతాన్ని చాలీసా కరువు పీల్చి పిప్పిచేసింది. పాపమంతా లాకీదేనని ఎవరూ అనరు, ఎల్ నినో లెక్క కూడా ఉంది. అయినా లాకీ లావా మైదానం మీదుగా బస్సు పోతున్నప్పుడు ఈ సంగతి గుర్తుంటే కిటికీ బయటి దృశ్యం మరోలా కనిపిస్తుంది. అక్కడక్కడ చల్లారుతున్న పాల మీద మీగడలా ముడతలు ముడతలుగా గడ్డకట్టిన లావా కూడా చూడొచ్చు.

2010లో పేలిన ఎయ్యాఫ్యాట్లాయోకుట్ల్ దీని ముందు చిన్నపిల్ల. అయినా దాని బూడిదకు యూరప్‌లో లక్ష దాకా విమానాలు ఆగాయి. టీవీ యాంకర్లకు ఆ పేరు పలకడమే పెద్ద గండమైంది.

స్నానం సంగతి

ఇది ముందే తెలియకపోతే గ్రూపులో గొడవవుతుంది. ఐస్‌లాండ్ ఈత కొలనుల్లో దిగే ముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేయాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు గదులు వేరువేరే గాని, లోపల చాలాచోట్ల అడ్డుగోడలుండవు. ఎక్కడెక్కడ రుద్దుకోవాలో గోడ మీద బొమ్మ వేసి మరీ చూపిస్తారు. నీళ్లలో క్లోరిన్ తక్కువ వేస్తారు కాబట్టే ఇంత పట్టింపు. బ్లూ లగూన్‌లో మాత్రం తలుపున్న గదులుంటాయి.

ఆ బ్లూ లగూన్ ప్రకృతి ఇచ్చిన కొలను కాదు. స్వార్త్‌సెంగి భూతాప విద్యుత్ కేంద్రం వాడి వదిలిన నీళ్లు లావా గుంటలో నిలిచాయి. సోరియాసిస్ ఉన్నవాళ్లు దిగి గుణం కనిపించిందన్నాక పేరొచ్చింది. ఆ నీళ్లలోని సిలికాకు జుట్టు కొబ్బరిపీచులా బిరుసెక్కుతుంది, పెద్ద జడలున్నవాళ్లు పైకి ముడేసుకోవాలి. దగ్గర్లోని గ్రిందావిక్ ఊరిని 2023 నవంబరులో రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. డిసెంబరు నుంచి ఆ చుట్టుపక్కల నేల పదే పదే పేలుతోంది. లగూన్‌ను మూయడం, తెరవడం అలా నడుస్తూనే ఉంది. టికెట్టు కొనేముందు ఆ రోజు తెరిచారో లేదో కనుక్కోవాలి.

వేడి నేల వంట

పదిళ్లలో తొమ్మిది భూమిలోంచి వచ్చే వేడినీళ్లతోనే వెచ్చగా ఉంటాయి. హెత్లిస్‌హేది కేంద్రం ఒక్కటే 303 మెగావాట్ల కరెంటు తీస్తుంది. మన సింగరేణి మణుగూరు దగ్గర పగిడేరులో పెట్టిన ప్రయోగాత్మక భూతాప కేంద్రం 20 కిలోవాట్లది. ఛత్తీస్‌గఢ్‌లోనే బలరాంపూర్ జిల్లా తాతాపానీలో నీళ్లు సలసల మరుగుతున్నాయి. సంక్రాంతికి జాతర చేసుకుంటున్నాం, అంతవరకే.

లౌగర్‌వాత్న్ చెరువు ఒడ్డున రై రొట్టె కాలుస్తారు. పిండి కుండకు గట్టిగా మూత బిగించి, నల్లని వేడి ఇసుకలో గుంట తీసి పాతిపెట్టి, ఇరవై నాలుగు గంటల తర్వాత తవ్వితీస్తారు. ఇసుక తోస్తుంటే బుడబుడమంటూ ఆవిరి. లోపల ముదురు బెల్లం రంగు రొట్టె, తియ్యగా, బరువుగా. వెన్న రాసిస్తారు. పక్కన పెట్టే పొగ చేపను శాకాహారులు వద్దంటే సరి. శాకాహారులకు ఇంకో ఊరట ఫ్రిద్‌హేమార్. అక్కడ గాజు ఇళ్లలో భూమి వేడితో, దీపాల వెలుగులో ఏడాది పొడవునా టమాటాలు పండిస్తారు. పూత కాయకట్టడానికి తుమ్మెదలను పెట్టెల్లో తెచ్చి వదులుతారు. మొక్కల మధ్యే బల్లలు వేసి టమాటా సూపు పోస్తారు. ఉప్పూకారం మనకు చాలవు. ఆవకాయ సీసా ఎలాగూ సర్దుకుంటారుగా.

కోర్బా పోటీదారు

ఐస్‌లాండ్‌లో బాక్సైట్ గుప్పెడైనా దొరకదు. అయినా అల్యూమినియం తయారీలో పెద్ద పేరు. విదేశాల నుంచి అల్యూమినా ఓడల్లో వస్తుంది, చౌక జలవిద్యుత్తుతో కరిగిస్తారు. దేశంలో పుట్టే కరెంటులో మూడింట రెండొంతుల దాకా ఆ ఫ్యాక్టరీలే తాగేస్తాయి. తూర్పున కారాహ్న్యూకార్ ఆనకట్ట, 690 మెగావాట్లు, ఒక్క ఫ్యాక్టరీ కోసమే కట్టారు. ఎంతోమంది ఐస్‌లాండ్ వాళ్లు దాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

మన దగ్గర లెక్క తిరగబడింది. దక్కన్ లావా కోట్ల ఏళ్ల వానలకు నాని, సిలికా కొట్టుకుపోయి, అల్యూమినియం మిగిలితే అది బాక్సైట్. అమర్‌కంటక్, మైన్‌పాట్, దల్దలీ కొండల నెత్తి మీది ఎర్రమట్టి అదే. అమర్‌కంటక్ మట్టిని ఒకప్పుడు బాల్కో కంపెనీ కోర్బాకు మోసుకుపోయి బొగ్గు కరెంటుతో కరిగించింది. వాళ్లకు కరెంటుంది, మట్టి లేదు. మనకు మట్టీ ఉంది, దానితోపాటు కోర్బా బూడిదా ఉంది.

పాస్‌పోర్టు అక్కర్లేని లావా

వీసా రాకపోతే దిగులొద్దు. అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 140 కిలోమీటర్ల దూరంలో బారెన్ ఐలాండ్ ఉంది, దేశంలో మేలుకుని ఉన్న ఏకైక అగ్నిపర్వతం. 1787లో పేలినట్టు తొలి నమోదు. చాలాకాలం నిద్రపోయి 1991లో లేచింది, అప్పటి నుంచి అడపాదడపా పొగ వదులుతోంది. దిగనివ్వరు, ఓడ మీంచే చూడాలి.

ఐస్‌లాండ్‌లోనూ అడుగుపెట్టనివ్వని దీవి ఒకటుంది. 1963 నవంబరులో సముద్రంలోంచి పుట్టిన సుర్ట్‌సే. ఉత్తి రాతి మీద ప్రాణం ఎలా మొదలవుతుందో చూడటానికి పరిశోధకులను మాత్రమే వదులుతారు. వాళ్లకు ఒకరోజు లావా మధ్య టమాటా మొక్క కనిపించింది. గాలి తెచ్చిందా, పక్షి తెచ్చిందా అని బుర్రలు బద్దలు కొట్టుకుంటే తేలిందేమిటంటే, వాళ్లలోనే ఒకాయన కాలకృత్యాలు రాళ్ల చాటున తీర్చుకున్నాడు. మొక్కను పీకేశారు.

దోమలు

2025 దాకా ఐస్‌లాండ్ దోమ లేని దేశం. ఆ అక్టోబరులో రెక్యావిక్‌కు ఉత్తరాన ఒక పొలంలో మూడంటే మూడు దోమలు దొరికాయి, రెండు ఆడవి, ఒకటి మగది. అది ప్రపంచమంతా వార్తయింది. అర్పా ఒడ్డున సాయంత్రం అరుగు మీద కూర్చునే వాళ్లకు ఇందులో వార్తేముందో చెప్పడం కొంచెం కష్టం.